ఫెరారీ 250 జీటీఓ స్లాట్ కారు: రెజిన్ కిట్ నుంచి ట్రాక్ దాకా

ట్రాక్ మీద సన్నటి గాడి, దానికి రెండు పక్కలా రాగి పట్టీలు, ఆ పట్టీల నుంచి కరెంటు తీసుకుని గాడి వెంట పరుగెత్తే బుల్లి కారు. స్లాట్ కారంటే ఇంతే. ఇళ్లలో ఎక్కువగా నడిచేది 1/32 స్కేలు. సిద్ధంగా పెట్టెలో వచ్చే కార్లు బోలెడున్నా, 1950, 60ల నాటి స్పోర్ట్స్ కార్లలో చాలావాటికి రెజిన్ కిట్టే దిక్కు, అంటే అచ్చులో పోసిన గట్టి ప్లాస్టిక్ బాడీ తెచ్చి మనమే కూర్చుకోవాలి.

మొదటి కిట్‌గా ఫెరారీ 250 జీటీఓ మంచి ఎంపిక. పైకప్పు ఉన్న కారు కాబట్టి మోటారు లోపల దాగిపోతుంది. జాగ్వార్ డీ-టైప్, ఆస్టన్ మార్టిన్ డీబీఆర్1 లాంటి కప్పు లేని కార్లలో డ్రైవరు బొమ్మ కింద మోటారును దాచడమే పెద్ద పని, వాటిని రెండో కిట్‌కు ఉంచుకోండి. జీటీఓ ముక్కు పొడవు, కాబట్టి గాడిలోకి దిగి కారును నడిపించే గైడ్‌కు చోటు దొరుకుతుంది. అసలు కారు వీల్‌బేస్, అంటే ముందు వెనక ఇరుసుల మధ్య దూరం, 2400 మి.మీ., 32తో భాగిస్తే సరిగ్గా 75. ఇక కొలతల దగ్గర తడబాటు ఉండదు.

కిట్ చేతికి రాగానే అందరికీ ముందు రంగు వేయాలనిపిస్తుంది. అలా చేయకండి. రంగు వేశాక చక్రం బాడీకి రాసుకుంటోందని తెలిస్తే మళ్లీ అరగదీయాలి, అప్పుడు రంగూ పోతుంది, మనసూ విరుగుతుంది. చాసిస్, అంటే కారు అడుగు చట్రం, పూర్తిచేసి, రంగు లేని బాడీతోనే ట్రాక్ మీద తిప్పి, అంతా సరిగ్గా ఉందన్న తర్వాతే స్ప్రే డబ్బా పట్టుకోవాలి. ఈ మార్గదర్శి అంతా ఆ వరసలోనే సాగుతుంది.

ఏమేం సమకూర్చుకోవాలి

కిట్ పెట్టెలో మామూలుగా రెజిన్ బాడీ, పల్చటి ప్లాస్టిక్ అద్దాలు, లోపలి ట్రే, నడుము పైభాగం మాత్రమే ఉండే డ్రైవరు బొమ్మ, చక్రాల్లో పెట్టే పుల్లల ఇన్సర్టులు, బాడీ మీద అతికించే నంబర్లు, గుర్తులు ఉన్న డెకాల్ కాగితం ఉంటాయి. నడిచే భాగాలు చాలా కిట్లలో ఉండవు. విదేశం నుంచి తెప్పించుకునేటప్పుడు కిందివన్నీ బాడీతో పాటే ఒకే ఆర్డరులో పెట్టండి. మరిచిపోయిన ఒక్క గేరు కోసం మళ్లీ పోస్టేజీ, కస్టమ్స్ సుంకం కట్టడం దండగ.

- 0.8 మి.మీ. ఇత్తడి రేకు చాసిస్, వీల్‌బేస్ మార్చుకోగలిగే రకం
- 12 వోల్టుల ఎఫ్‌సీ-130 రకం మోటారు
- 3/32 అంగుళం, అంటే 2.38 మి.మీ. మందం ఇరుసులు రెండు, 50 మి.మీ. పొడవు
- ఆ ఇరుసులు లోపల తిరిగేందుకు సరిపోయే కంచు బుష్‌లు నాలుగు
- మోటారు షాఫ్టుకు 9 పళ్ల పినియన్ (చిన్న గేరు), వెనక ఇరుసుకు 27 పళ్ల క్రౌన్ గేరు
- గైడ్, ట్రాక్ పట్టీల నుంచి కరెంటు అందుకునే ఒక జత రాగి జడలు, మెత్తటి సిలికాన్ వైరు
- చక్రాలు, టైర్లు, ఇరుసు మీద తొడిగే వాషర్లు, ఎం2 స్క్రూలు

మోటారు దగ్గర జాగ్రత్త. బొమ్మల షాపుల్లో దొరికే 130 మోటార్లు చూడటానికి అచ్చం ఇలాగే ఉంటాయి. కానీ వాటి చుట్ట 3 నుంచి 6 వోల్టులకే చుట్టింది. 12 వోల్టులు ఇస్తే కాసేపు అద్భుతంగా పరుగెత్తి, ఆ తర్వాత మోటారు లోపల చుట్టకు కరెంటు అందించే కమ్యుటేటర్ మాడిపోతుంది.

పనిముట్లలో చాలావరకు మన ఊళ్లోనే దొరుకుతాయి. కంసాలి పనిముట్లు అమ్మే దుకాణంలో సన్నటి ఆకురాళ్లు, పట్టకార్లు, నగల రంపం, 0.1 గ్రాము దాకా చూపే తూకం అన్నీ ఒకేచోట తీసుకోవచ్చు. వీల్ బ్యాలెన్సింగ్ చేసే టైర్ల షాపులో 5 గ్రాముల అతికే బరువులు అడగండి. వోల్టేజీ తగ్గించి పెంచుకునే పవర్ సప్లై, 60 వాట్ల సోల్డరింగ్ ఐరన్, సిలికాన్ వైరు ఊళ్లో దొరక్కపోతే, పొద్దున తిరుపతిలో రైలెక్కి, చెన్నైలో ఎలక్ట్రానిక్స్ సామాన్లు అమ్మే రిచీ స్ట్రీట్‌లో చూసుకుని సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు.

అన్నిటికంటే విలువైన పనిముట్టు మాత్రం మన దగ్గర దాదాపు ఉచితం. నున్నగా పాలిష్ చేసిన గ్రానైట్ ముక్క. తిరుపతిలోనైనా చిత్తూరులోనైనా వంటగట్టులు కోసే షాపులో మిగిలిన ముక్కల కుప్ప ఉంటుంది. సుమారు 30 సెం.మీ. పొడవు, 20 సెం.మీ. వెడల్పు ఉన్నది ఏరుకోండి. స్టీలు స్కేలును అంచు మీద నిలబెట్టి, వెనక నుంచి వెలుతురు పడేలా చూడండి. ఎక్కడా వెలుగు గీత కనబడకపోతే ఆ రాయి సమంగా ఉన్నట్టే. చాసిస్ సమతలం, చక్రాల ఎత్తు, టైర్ల అరుగుదల అన్నీ దీని మీదే తేలుతాయి.

బాడీ: కడగడం, పల్చన చేయడం

రెజిన్ బాడీ మీద అచ్చు నుంచి ఊడిరావడానికి రాసిన మైనం లాంటి పూత మిగిలి ఉంటుంది. గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే సబ్బు, పాత పళ్ల బ్రష్‌తో లోపలా బయటా రుద్ది ఆరబెట్టండి. ఇది వదిలేస్తే రంగు తర్వాత పొరలు పొరలుగా లేస్తుంది.

బాడీని గ్రానైట్ మీద పెట్టి నాలుగు మూలలూ నొక్కి చూడండి. ఏదైనా మూల లేస్తుంటే వంకర ఉన్నట్టు. 60 నుంచి 70 డిగ్రీల వేడి నీళ్లలో ఒకటి రెండు నిమిషాలు ముంచితే రెజిన్ మెత్తబడుతుంది. చేత్తో సరిచేసి, అలాగే పట్టుకుని చల్లటి నీళ్లలో పెట్టండి. మరిగే నీళ్లు వద్దు, పైకప్పును మోసే పల్చటి స్తంభాలు కుంగిపోతాయి.

తర్వాత బరువు తూచండి. 40 గ్రాములు దాటితే అది ఎక్కువే, 30 గ్రాముల లోపుకు తేవాలి. పైన ఉన్న బరువే మలుపులో కారును పల్టీ కొట్టిస్తుంది, అందుకే ముందు పైకప్పు లోపలి వైపు అరగదీయండి. పైకప్పు 1.2 మి.మీ., తలుపులు 1.5 మి.మీ. దాకా తగ్గొచ్చు. ముక్కు, వెనక అంచు, చక్రాల గూళ్ల చుట్టూ 2 మి.మీ. వదిలేయండి, గోడకు తగిలేది అవే. మధ్యమధ్య ట్యూబులైటు వైపు పెట్టి చూస్తే ఎక్కడ పల్చబడిందో వెలుగే చెబుతుంది. రెజిన్ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. ఉప్పు కాగితం పనంతా నీళ్లతో తడిపి చేయండి. మిషన్‌తో అరగదీసేటప్పుడు మాస్కు తప్పనిసరి, ఫ్యాను కింద అసలే వద్దు.

అద్దాలు, లోపలి ట్రే ఇప్పుడే ఒకసారి పెట్టి చూసుకోండి, అతికించొద్దు. పల్చన చేశాకనే అవి సరిగా కూర్చుంటాయి.

చాసిస్: అసలు పని ఇక్కడే

సోల్డరింగ్ గ్రానైట్ మీద చేయకండి. రాయి వేడంతా లాగేసుకుంటుంది, అతుకు చల్లబడి గరుకుగా, బూడిద రంగులో తేలుతుంది. అలాంటి అతుకు మొదటి గుద్దుకే ఊడుతుంది. ప్లైవుడ్ ముక్క మీద అతికించి, గ్రానైట్ మీద కొలవండి. 25 వాట్ల ఐరన్ వైర్లకే సరిపోతుంది. ఇత్తడి రేకుకు 60 వాట్లు, వెడల్పు మొన కావాలి. ఎక్కువ వేడి, తక్కువ సేపు: మూడు నాలుగు సెకన్లలో సోల్డరింగ్ లెడ్ నీళ్లలా పారాలి.

అతికే చోటు ఎమెరీ కాగితంతో మెరిసేదాకా రుద్దండి. ఇత్తడికి, ఉక్కుకు జింక్ క్లోరైడ్ యాసిడ్ ఫ్లక్స్ బాగా పనిచేస్తుంది, కానీ ఆ యాసిడ్ మిగిలితే రెండు వారాల్లో ఇరుసు తుప్పు పడుతుంది. సోల్డరింగ్ అయిన వెంటనే వంటసోడా కలిపిన నీళ్లలో చాసిస్‌ను ముంచి, బ్రష్‌తో రుద్ది, మంచినీళ్లతో కడగండి. అంతా కడిగి ఆరాకే మోటారు బిగించాలి. మోటారు వైర్లకు యాసిడ్ ఫ్లక్స్ వాడకూడదు, అక్కడ రోజిన్ ఉన్న లెడ్ మాత్రమే. కిటికీ తెరిచి ఉంచండి, పనయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి.

మొదట వెనక ఇరుసు బుష్‌లు. రెండు బుష్‌లలోంచీ ఒకే ఇరుసు దూర్చి, ఇరుసు మీద చుక్క కుట్టు మిషన్ నూనె రాసి, అప్పుడు అతికించండి. ఇరుసు లోపల ఉంటే రెండు బుష్‌లూ ఒకే వరసలో నిలుస్తాయి, నూనె ఉంటే లెడ్ ఇరుసుకు పట్టదు. చల్లబడ్డాక ఇరుసు వేలితో తిప్పితే తనంతట తాను కాస్త తిరగాలి. బిగుతుగా ఉంటే బుష్‌ను రీమరుతో పెద్దది చేయొద్దు. అది వంకరగా అతికిందన్న మాట, వేడిచేసి మళ్లీ కూర్చోబెట్టండి.

ఇప్పుడు ముందు ఇరుసును 75 మి.మీ. దూరంలో పెట్టండి. గైడ్ రంధ్రం మధ్య బిందువు నుంచి వెనక ఇరుసు ఎడమ కొసకు, కుడి కొసకు కొలవండి. రెండు కొలతల మధ్య తేడా 0.2 మి.మీ. దాటితే కారు ఒక వైపు మలుపులో బాగా తిరిగి, రెండో వైపు జారుతుంది. ఇరుసుల్లో పక్కకు ఊగే చోటు 0.2 నుంచి 0.3 మి.మీ. ఉండేలా వాషర్లు వేయండి.

గైడ్ రంధ్రం ముందు ఇరుసుకు 10 నుంచి 12 మి.మీ. ముందుండాలి. గైడ్ రెండు వైపులా 45 డిగ్రీలు తిరిగినా టైరుకు గానీ బాడీకి గానీ తగలకూడదు. గైడ్ ఎత్తు వాషర్లతో సరిచేయాలి. గైడ్ గాడిలోకి పూర్తిగా దిగి, జడలు రాగి పట్టీల మీద ఆని ఉన్నప్పుడు ముందు టైర్ల కింద వార్తాపత్రిక ముక్క స్వేచ్ఛగా జారాలి. ముందు టైర్లు బరువు మోస్తే గైడ్ పైకి లేస్తుంది, మలుపులో కారు గాడి వదిలేయడానికి అన్నిటికంటే పెద్ద కారణం ఇదే.

చాసిస్ పక్క కమ్మీలు కావాలంటే సైకిల్ స్పోకులు వాడొచ్చు. మామూలు స్పోకు 2 మి.మీ. ఉంటుంది, గట్టిది, నిటారుగా ఉంటుంది. పూత ఉంటే గీకేసి ఉక్కు బయటపెట్టాకే అతికించండి. పూర్తయ్యాక చాసిస్‌ను నాలుగు చక్రాలతో గ్రానైట్ మీద పెట్టండి. వెనక చక్రాలు రెండూ సమంగా ఆనాలి.

మోటారు, గేర్లు

ఈ కారులో మోటారు కారు పొడవు దిశలో, షాఫ్టు వెనక ఇరుసు వైపు ఉంటుంది. షాఫ్టు మధ్య గీత, ఇరుసు మధ్య గీత ఒకే ఎత్తులో ఉంటేనే పినియన్ క్రౌన్ గేరు పళ్లతో సరిగా కలుస్తుంది. అర మి.మీ. తేడా ఉన్నా గరగర శబ్దం మొదలై, పళ్లు ఒక పక్కే అరుగుతాయి.

పినియన్‌ను సుత్తితో కొట్టి షాఫ్టులోకి దించొద్దు. ఆ దెబ్బ మోటారు అవతలి వైపు బుష్‌ను ఊడగొడుతుంది. చిన్న బెంచి వైస్‌లో, షాఫ్టు వెనక కొసకు ఆధారం పెట్టి నెమ్మదిగా నొక్కండి.

పళ్ల మధ్య ఖాళీకి వార్తాపత్రిక కాగితమే కొలత. పినియన్‌కూ క్రౌన్‌కూ మధ్య సన్నటి కాగితపు పట్టీ పెట్టి, గేరును దగ్గరకు జరిపి, దాన్ని ఇరుసుకు పట్టి ఉంచే గ్రబ్ స్క్రూ బిగించి, చక్రం తిప్పి కాగితం బయటకు లాగేయండి. కాగితం మీద పళ్ల గుర్తులు పడాలి గానీ చిరగకూడదు. మోటారు ముఖానికి స్క్రూ రంధ్రాలుంటే రెండు స్క్రూలూ వేయండి. వెనక కొస ఊగకుండా చుక్క ఆరాల్డైట్ పెట్టండి. యాక్సిలరేటర్ నొక్కినప్పుడు పినియన్ క్రౌన్ మీదికి ఎక్కడానికి చూస్తుంది, మోటారు వదులుగా ఉంటే పళ్లు దాటేస్తుంది.

వేగం ఎంతుంటుందో లెక్క వేసుకోవచ్చు. మోటారు 12 వోల్టుల దగ్గర నిమిషానికి 18,000 చుట్లు తిరిగితే, 27కు 9 అంటే మూడో వంతు, ఇరుసు 6,000 చుట్లు తిరుగుతుంది. 20.5 మి.మీ. టైరు చుట్టుకొలత సుమారు 64 మి.మీ. అంటే బరువు లేనప్పుడు సెకనుకు దాదాపు 6.4 మీటర్లు. హాల్లో మంచం పక్కన వేసిన చిన్న ట్రాక్‌కు ఇది మరీ ఎక్కువ. అలాంటప్పుడు తక్కువ చుట్ల మోటారు తీసుకోండి, లేదా వోల్టేజీ తగ్గించండి.

కొత్త మోటారుకు పూర్తి వోల్టేజీ వెంటనే ఇవ్వొద్దు. 3 వోల్టుల మీద అరగంట, 6 వోల్టుల మీద పావుగంట, చక్రాలు గాల్లో ఉంచి తిప్పితే బొగ్గు లేదా రాగి బ్రష్‌లు కమ్యుటేటర్ వంపుకు సర్దుకుంటాయి. కారు వెనక్కి పోతుంటే గైడ్ దగ్గర వైర్లు రెండూ తారుమారు చేస్తే చాలు.

టైర్లను గుండ్రం చేయడం

దీన్ని వదిలేసేవాళ్లే ఎక్కువ, లాభం ఎక్కువ ఇచ్చేదీ ఇదే. వెనక టైర్లను చక్రాలకు సూపర్ గ్లూతో అతికించండి, లేకపోతే వేగంలో టైరు రిమ్ము మీద ఉబ్బుతుంది. 240 నంబరు ఉప్పు కాగితాన్ని గ్రానైట్ మీద సమంగా అతికించండి. కారు ముందు భాగాన్ని ట్రాక్ మీద ఉండే ఎత్తులోనే ఒక చెక్క ముక్క మీద ఆనించి, 4 నుంచి 6 వోల్టులు ఇచ్చి, వెనక టైర్లు కాగితాన్ని కేవలం తాకేలా పట్టుకోండి. నొక్కితే మోటారు వేడెక్కుతుంది. వేసవిలో మన గదుల్లో గాలే 38, 40 డిగ్రీలుంటుంది, కాబట్టి అర నిమిషానికోసారి ఆపి మోటారు మీద వేలు పెట్టి చూడండి. వేలు ఉంచలేకపోతే పది నిమిషాలు వదిలేయండి.

టైరు పూర్తి వెడల్పు మీద ఒకే రంగు మచ్చ వచ్చేదాకా కొనసాగించి, తర్వాత 400, 600 కాగితాలతో నునుపు చేయండి. బయటి అంచును మాత్రం కొద్దిగా గుండ్రం చేయండి. పదునైన అంచు మలుపులో పట్టుకుని కారును తిప్పేస్తుంది. ముందు టైర్ల మీద రంగులేని గోళ్ల పాలిష్ రెండు పూతలు వేస్తే అవి పట్టు లేకుండా జారుతాయి, పని గైడ్‌కే మిగులుతుంది.

రంగు వేసిన ఎండీఎఫ్ (చెక్కపొట్టు పలక) ట్రాక్‌కు యూరథేన్ టైర్లు నమ్మకమైనవి. సిలికాన్ టైర్లకు పట్టు ఎక్కువే, కానీ ధూళి అంటితే పట్టు పోతుంది. మన ఎర్రమట్టి దుమ్ము కిటికీలోంచి రోజూ వస్తుంది కదా, ప్రతి పందేనికి ముందు తుడవక తప్పదు.

బాడీని కూర్చోబెట్టడం

చాసిస్‌కు రెండు స్తంభాలు, ముందొకటి వెనకొకటి. 5 లేదా 6 మి.మీ. ప్లాస్టిక్ గొట్టం ముక్కలు చాలు. వాటిని ముందుగా చాసిస్‌కు స్క్రూలతో బిగించండి. చాసిస్ కింద 1.5 మి.మీ. అట్టముక్కలు, బాడీ తలుపుల కింది అంచుకు 3 లేదా 4 మి.మీ. చెక్క ముక్కలు పెట్టి, అంతా గ్రానైట్ మీదే సర్దండి. చక్రాలు గూళ్ల మధ్యలో ఉన్నాయో లేదో పక్క నుంచి చూసి, స్తంభాల పైకొసలకు ఆరాల్డైట్ రాసి, గరుకు చేసిన రెజిన్ మీద ఆనేలా బాడీని దించండి. మరుసటి రోజు దాకా కదపొద్దు.

స్క్రూలు పూర్తిగా బిగించి, తర్వాత అర చుట్టు వెనక్కి తిప్పండి. బాడీ చాసిస్ మీద చిన్నగా ఊగాలి. ఆ ఊపు మలుపులో వచ్చే అదురును మింగుతుంది. బాడీని బిగదీస్తే కారు వెనక భాగం టకటకమని ఎగురుతుంది.

ఇప్పుడు తూకం. మొత్తం 80 నుంచి 90 గ్రాములు బాగుంటుంది. గైడ్‌ను తూకం పళ్లెం ఎత్తులోనే పక్కన ఆనించి, వెనక టైర్లను మాత్రం పళ్లెం మీద పెట్టండి: మొత్తంలో 55 నుంచి 60 శాతం అక్కడ పడాలి. తక్కువైతే మోటారు పక్కన, చాసిస్ మీద అడుగునే అతికే బరువులు పెట్టండి. రంగు లేని ఈ కారుతోనే ట్రాక్ మీద తిప్పి, లోపాలన్నీ ఇక్కడే తీర్చుకోండి.

రంగు, డెకాల్స్, అద్దాలు

మన ప్రాంతంలో రంగుకు క్యాలెండరు చూసుకోవాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల చెమ్మలో లాకర్ రంగు తెల్లగా పాలిపోతుంది. వాన లేని రోజు చూసి, పది గంటల తర్వాత వేయండి. మే నెల మధ్యాహ్నం రంగు గాల్లోనే ఆరి ఇసుక చల్లినట్టు గరుకుగా పడుతుంది, అప్పుడు తెల్లవారుజామే సరైన సమయం. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఏ బాధా ఉండదు.

ఎరుపు రంగు బూడిద ప్రైమర్ మీద జీవం లేనట్టు కనబడుతుంది. బూడిద ప్రైమర్‌తో గీతలు వెతికి సరిచేసి, దాని మీద తెలుపు లేదా లేత గులాబీ వేసి, ఆపైన ఎరుపు మూడు నాలుగు పల్చటి పూతలు. డబ్బా 20 నుంచి 25 సెం.మీ. దూరంలో ఉండాలి. గట్టిపడే ద్రవం కలిపే రెండు భాగాల కారు పెయింటులో ఐసోసైనేట్లు ఉంటాయి. మామూలు గుడ్డ మాస్కు వాటిని ఆపదు, ఇంట్లో వాడొద్దు.

నంబరు ఏదైనా వేసుకోవచ్చు. 1962 లె మాన్ 24 గంటల పందెంలో మొత్తం మీద రెండో స్థానం తెచ్చుకున్న జీటీఓ నంబరు 19. డెకాల్స్ మీద క్లియర్ పూత మొదట దూరం నుంచి పొడిగా, చుక్కల్లా పడాలి. తడిగా వేస్తే లాకర్ డెకాల్‌ను ముడతలు పెట్టేస్తుంది.

అద్దాలకు సూపర్ గ్లూ ముట్టించొద్దు, దాని ఆవిరి లోపల తెల్లటి మసక పరుస్తుంది. ఫెవికాల్ లాంటి తెల్ల జిగురు సన్నటి పుల్లతో రాస్తే ఆరాక కనబడదు. డ్రైవరు బొమ్మను లోపలి నుంచి తొలిచి బరువు తగ్గించండి. జీటీఓవి బోరానీ పుల్లల చక్రాలు, కాబట్టి ఇన్సర్టులకు వెండి రంగు వేసి, పల్చటి నలుపు నీటిరంగు పుల్లల మధ్య పారనిస్తే లోతు కనబడుతుంది.

నడిపేటప్పుడు వచ్చే తేడాలు

పల్టీ కొడుతుంటే బరువు పైన ఉంది, లేదా టైరు పట్టు మరీ ఎక్కువ. బరువు చాసిస్ పక్కలకు, అడుగుకు మార్చండి. ముక్కు గాడి వదులుతుంటే ముందు చక్రాల ఎత్తు మళ్లీ చూడండి, తర్వాత జడలు: అవి బిరుసుగా ఉంటే గైడ్‌ను పైకి నెడతాయి, కొసలు వేళ్లతో విప్పి మెత్తబరచండి. వెనక భాగం ఎగురుతుంటే టైరు గుండ్రం, బుష్ వదులు, బాడీ బిగుతు, ఈ వరసలో పరీక్షించండి. క్రమంగా నెమ్మదిస్తుంటే జడల్లో దుమ్ము చేరింది. మోటారు వేడెక్కి వాసన వస్తుంటే గేర్లు మరీ దగ్గరగా బిగించారు.

బుష్‌లకు అప్పుడప్పుడు ఒక్క చుక్క నూనె చాలు, ఎక్కువైతే టైర్లకు చేరి పట్టు పోతుంది. కారును దాచేటప్పుడు చాసిస్ కింద చిన్న చెక్క ముక్క పెట్టి వెనక టైర్లు గాల్లో ఉంచండి. ఎండాకాలంలో మేడమీది రేకుల గదిలోనో, ఎండలో నిలిపిన బండి డిక్కీలోనో వదిలేయకండి, పల్చన చేసిన పైకప్పు ఆ వేడికి కుంగుతుంది.